లుక్మా

రెండు వారాల కిందట ఆదివారం పొద్దున, హిందూపురం గ్రౌండులో నా బేటీ బంతి చేతిలో పట్టుకొని రింగు వైపు చూడలేదు. నా వైపు చూసింది.

దాని ముందర అడ్డం ఎవరూ లేరు. రింగు దగ్గరే ఉంది. వెయ్యొచ్చు. అయినా బంతిని పక్క పిల్లకు ఇచ్చేసింది. అంతకు ముందు రెండు షాట్లు తప్పిపోతే గట్టు మీద నుంచి అరిచింది నేనే. "మోచెయ్యి! మోచెయ్యి చూసుకో! ఎన్నిసార్లు చెప్పాల నీకు!" తక్కిన అమ్మానాన్నలందరూ వింటుండగానే. పిల్ల నా వైపు చూసిన ఆ చూపు నాకు బాగా ఎరుక. ముప్పై ఏండ్ల కిందట అది నా చూపే.

మాది ధర్మవరం. అబ్బాజాన్ పట్టు మగ్గం నేసేవారు. డిగ్రీకి హిందూపురంలో చేరి, పొద్దున ప్యాసింజరులో వచ్చి సాయంత్రం బండికి పోయేవాణ్ణి. నడుమ పెనుకొండ. మా మామూ ఇల్లు అక్కడే, బాబయ్య దర్గాకు పోయే దోవలో. మా ఖాందాన్‌లో నాకొక్కడికే ఆరడుగుల పైన ఎత్తు వచ్చింది. ఆ ఎత్తు చూసే కాలేజీలో ఆటల సార్ నన్ను బాస్కెట్‌బాల్ జట్టులోకి లాక్కున్నాడు.

సార్ మంచి మనిషి. ఆట తెలిసినోడు. తన జేబులో డబ్బులు పెట్టి మాకు అరటిపండ్లు కొనేవాడు. కానీ ఆట మొదలైతే ఆయన నోరు ఆగేది కాదు. బంతి నా చేతికి వచ్చేలోపలే "వెయ్యి" అనేవాడు, వేసేలోపలే "వద్దు" అనేవాడు. ఒక్కటి తప్పితే బెంచీ. బెంచీ మీద కూర్చుంటే పక్కనే నిలబడి, మళ్ళీ మొదటి నుంచి నా తప్పుల జాబితా.

మూడు నెలల్లో నేనొక విద్య నేర్చుకున్నాను. బంతి వచ్చిన వెంటనే వదిలించుకోవడం. నా ముందు ఖాళీగా ఉన్నా పక్కవాడికి ఇచ్చేసేవాణ్ణి. చూసేవాళ్ళు "భలే సాయం చేస్తాడప్పా ఈ పొడుగోడు" అనుకునేవాళ్ళు. అది సాయం కాదు, ఖౌఫ్. వేయనివాడికి తప్పే ప్రమాదం లేదు కదా.

ఆ ఏడు పెనుకొండలో మ్యాచ్. చివరి నిమిషం, మేము ఒక పాయింటు వెనక. నాకు రెండు ఫ్రీ త్రోలు వచ్చినాయి. ఆటలో ఇంతకన్నా ఆసానైనది లేదు. గీత నుంచి బోర్డుకు పదిహేను అడుగులు, రింగు ఎత్తు పది అడుగులు. చేతులు అడ్డం పెట్టేవాళ్ళు లేరు. రింగు వెడల్పు 18 అంగుళాలు, బంతి వెడల్పు దాదాపు తొమ్మిదిన్నర. అంటే బంతి పోగా కూడా బోలెడు చోటు మిగులుతుంది. రెండూ రింగు ముందంచుకు తగిలి కింద పడినాయి. "నీవి చేతులా, కట్టెలా?" అన్నాడు సార్ అందరి ముందర.

ఆ రాత్రి ధర్మవరం బండి ఎక్కడానికి మనసు రాలేదు. మామూ ఇంటికి పోయినాను. మామూ హాఫిజ్. మొహల్లా పిల్లలకు ఖురాన్ చెప్పేవారు. బాస్కెట్‌బాల్ ఆయన జన్మలో చూడలేదు. అన్నం పెట్టించి, అంతా విని, ఒక్కటే అడిగినారు. "ఆ బంతులు వేసేటప్పుడు నీ నజర్ ఎక్కడుంది?"

ఆలోచిస్తే నాకే సిగ్గనిపించింది. కళ్ళు రింగు మీదనే ఉన్నాయి. కానీ నాకు కనిపిస్తున్నది సార్ మొహం.

మామూ కాసేపు ఊరకున్నారు. తర్వాత దఖ్ఖనీలో అన్నారు, "లుక్మా దేనా సబ్‌కు నై ఆతా బేటా." లుక్మా ఇవ్వడం అందరికీ చేతకాదు అని.

తరావీహ్ చదివే మనకందరికీ లుక్మా ఎరుకే. ముందు నిలబడి చదివే హాఫిజ్ సాబ్ ఎక్కడైనా ఆగిపోతే, వెనక వినే హాఫిజ్ ఆ మరిచిన మాట అందిస్తారు. అందించి ఊరకుంటారు. "నిన్న కూడా ఇక్కడే ఆగినావు" అనరు. ముందున్నాయన ఆ మాట అందుకొని సాగిపోతారు, నమాజు ఆగదు. "నేను ఒక్కొక్కసారి ఐదారు చోట్ల ఆగేవాణ్ణి. వెనకాయన ప్రతిసారీ నా తప్పులన్నీ ఏకరువు పెట్టుంటే, మరుసటి రోజు అల్‌హమ్దు కూడా మరిచిపోయేవాణ్ణి" అన్నారు మామూ.

మరుసటి ఏడు కొత్త సార్ వచ్చినాడు. పది రోజులు చూసినాడంతే, నోరు తెరవలేదు. పదకొండో రోజు పక్కకు పిలిచి చెప్పినాడు. "నువ్వు రింగు ముందంచు చూసి వేస్తున్నావు, అందుకే బంతి పొట్టి పడుతోంది. వెనకంచు చూడు. ఈ నెలంతా ఇదొక్కటే." ఇంకో షరతు కూడా పెట్టినాడు. మ్యాచ్‌లో ఎనిమిది షాట్లకు తక్కువ వేస్తే బయటికి తీస్తాడంట. ఎన్ని పడినాయో లెక్క పెట్టడంట.

నేను గొప్ప ఆటగాణ్ణి కాలేదు. ఆ ఏడు పెనుకొండలోనే, అదే గ్రౌండులో పదకొండు వేస్తే నాలుగు పడినాయి. మ్యాచ్ ఓడిపోయినాము కూడా. కానీ తప్పిన ఆ ఏడు సార్లలో ఒక్కసారి కూడా బెంచీ వైపు చూడలేదు. తిరుగు బండిలో కిటికీ పక్కన కూర్చొని పాట పాడినానని మా దోస్తులు ఇప్పటికీ నవ్వుతారు.

పెద్ద ఆటగాళ్ళకు కూడా ఇదే అవసరం పడుతుంది. మన హైదరాబాద్ అజహరుద్దీన్ ఆడిన మొదటి మూడు టెస్టుల్లోనూ సెంచరీలు కొట్టినవాడు. 1989లో పాకిస్తాన్ టూరుకు పోయేసరికి పరుగులు రాక ఇబ్బంది పడుతున్నాడు. అప్పుడు జహీర్ అబ్బాస్ చూసి, బ్యాటు పట్టుకునే తీరు కొంచెం మార్చుకొమ్మన్నాడు. అంతే. ఆ టూరులోనే ఫైసలాబాద్ టెస్టులో అజహర్ 109 కొట్టినాడు. 2016లో ఇంగ్లండులో పాకిస్తాన్ ఆటగాడు యూనిస్ ఖాన్ అట్లే తడబడుతుంటే, అజహరే ఫోన్ చేసి క్రీజులోనే నిలబడి ఆడమన్నాడు. ఓవల్ టెస్టులో యూనిస్ 218 కొట్టి, తర్వాత అజహర్‌కు షుక్రియా చెప్పినాడు. ఒక ముల్కులో అందిన లుక్మా ఇంకో ముల్కు ఆటగాడికి చేరింది.

అట్లని తప్పు చెప్పొద్దని కాదు. ముందున్నాయన ఆగిపోయినప్పుడు వెనకవాళ్ళందరూ ఊరకుంటే అదీ తప్పే. ప్రతిదానికీ "షాబాష్, షాబాష్" అన్నా పిల్లలకు భరోసా రాదు, అది ఉత్త మాట అని వాళ్ళకు తెలిసిపోతుంది. నా మొదటి సార్ చెప్పిన మాటల్లో తొంభై వంతులు నిజాలే. కానీ అన్నీ ఒక్కసారి, బంతి చేతిలో ఉండగానే చెప్పినాడు. షాటు వేసే చెయ్యి తనంతట తాను కదలాల. ఆ క్షణాన మోచెయ్యి, మణికట్టు, మోకాలు అన్నీ గుర్తొస్తే చెయ్యి బిగుసుకుపోతుంది.

ఇంత తెలిసి కూడా నేను నా బిడ్డ మీద అరిచినాను. ఆ రాత్రి అన్నం తినేటప్పుడు మాఫీ అడిగి, "ఇంక గట్టు మీద నోరు తెరవను" అని వాయిదా చేసినాను. అది ప్లేటులో నుంచి తల ఎత్తకుండా, "నువ్వు నోరు మూసుకున్నా నీ మొహం అరుస్తాది అబ్బా" అనింది. వాళ్ళమ్మ నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి పోయింది.

అందుకే మొన్న ఆదివారం గేటు బయట చాయ్ అంగడి దగ్గర కూర్చున్నాను. లోపల బంతి చప్పుడు, పిల్లల కేకలు వినిపిస్తున్నాయి. ఒకసారి బంతి రింగుకు ఠంగుమని తగిలి కింద పడిన చప్పుడు. మళ్ళీ ఒకసారి. మూడోసారి కూడా. వేస్తున్నది ఎవరో తొంగి చూడాలని ప్రాణం కొట్టుకుపోయింది. చూడలేదు. ఇంకో చాయ్ చెప్పినాను.