తాత ముఖం మీద ఫోకస్



పాత లెన్స్ కొందామనుకునేటోళ్లకు పనికొస్తదని రాస్తున్న.

మా తాత గుస్సాడీ. దండారీకి కెమెరాలు పట్టుకొని బయటి నుంచి చానా మంది వస్తరు. 1940లలో హైమెన్‌డార్ఫ్ తీసిన మనోళ్ల ఫోటోలు లండన్‌లో ఉన్నయి. మా ఇంట్ల మాత్రం తాతది ఆధార్ కార్డు మీది ఫోటో ఒక్కటే.

అందుకే మల్కాజ్‌గిరి హాస్టల్‌కు వచ్చినంక ఆదివారాలు క్యాటరింగ్ పనికి పోయి, ఆ పైసలతోని ఒక సీనియర్ అన్న దగ్గర పాత నికాన్ డి3300 తీసుకున్న. రాత్రి వెలుతురు చాలదు కదా అని కోఠిలో 50 ఎంఎం 1.8డి లెన్స్ కొన్న, అది కూడా సెకండ్ హ్యాండే. "ఆటోఫోకస్ ఉందా భాయ్?" అంటే "లెన్స్ మీదనే ఏఎఫ్ అని రాసుంది, చూడు" అన్నడు. అబద్ధమైతే కాదు.

రూంల పెట్టి చూస్తే ముందు ఎర్రర్ వచ్చింది. ఆపర్చర్ రింగును 22 మీదికి తిప్పి లాక్ చేస్తే అది పోయింది. ఫోకస్ మాత్రం కదల్లే. కాంటాక్టులు మెత్తటి గుడ్డతో తుడిచిన, నాలుగుసార్లు తీసి పెట్టిన. లెన్స్ ఖరాబైందని రెండు రోజులు అన్నం సరిగ్గా తినలే. అసలు సంగతి వేరే. 1986లో వచ్చిన ఎఫ్-501 నుంచి నికాన్ ఫోకస్ మోటార్‌ను కెమెరాలో పెట్టింది. మౌంట్‌లో స్క్రూడ్రైవర్ మొన లాంటిది ఉంటది, అది లెన్స్ వెనక గాటులో కూసొని తిప్పుతది. 2006లో డి40తో మొదలుపెట్టి చిన్న కెమెరాలల్ల ఆ మోటార్ తీసేసిన్రు. డి3000, డి5000 వరుసలకు లేదు. డి90, డి7000కు ఉంది. జెడ్ కెమెరాకు ఎఫ్‌టీజెడ్ అడాప్టర్ పెట్టినా ఈ లెన్స్ ఆటోఫోకస్ పనిచెయ్యదు. కెనాన్ ఈఎఫ్‌కు ఈ తంటా లేదు, 1987 నుంచి మోటార్ లెన్స్‌లోనే. కాబట్టి పైసలిచ్చే ముందు కెమెరా మౌంట్‌లో ఆ మొన ఉందా లేదా చూడున్రి.

ఆ దీపావళికి చేత్తోనే తిప్పిన. ఫోకస్ కుదిరితే వ్యూఫైండర్‌లో పచ్చ చుక్క వస్తది. నిలబడ్డ మనిషికైతే సరే, పర్ర మోగినంక గుస్సాడీ నిలబడతడా? రెండు వందల ఫోటోలల్ల తాత ముఖం ఒక్కదాంట్ల కూడా సాఫ్‌గా రాలే.

తర్వాత డి3300 ఇచ్చేసి, పైన కొంత కట్టి పాత డి7000 తెచ్చుకున్న. గర్ర్‌మని మోటార్ తిరుగుతుంటే నవ్వొచ్చింది. అయినా కళ్ల మీద పెడితే ముక్కు మీద పడుతుండె. 1.8 దగ్గర, రెండు మీటర్ల దూరంలో సాఫ్‌గా వచ్చే లోతు జానెడులో సగమే. హాస్టల్ వరండాలో బకెట్ బోర్లించి దాని మీద కెమెరా, ఎదురుగా ఏటవాలుగా స్కేలు పెట్టి చూసిన. ఫోకస్ ప్రతిసారి ముందుకే పడుతుంది. సెటప్ మెనూల ఏఎఫ్ ఫైన్ ట్యూన్ ప్లస్ 8 పెడితే కుదిరింది. డి90లో ఈ మెనూ లేదు, గుర్తుంచుకోండి.

మొన్న దీపావళికి నడిమి పాయింట్ ఒక్కటే వాడిన, ఆపర్చర్ 2.8. పదింటికి ఆరేడు సాఫ్‌గా వచ్చినయి. ప్రింట్ తీసి ఇస్తే తాత చానా సేపు చూసిండు. "ఎనక తుడుం కొట్టేటోడు ఎవడురా, కనపడ్తలేడు?" అన్నడు.

అది మా బాపు. వచ్చే ఏడు 5.6 పెట్టి చూస్త.