ఆటలోని యజ్ఞాతవాసము

రహస్యమును దాచుట యెంత కష్టమో దానిని కొన్నాళ్లు దాచి చూచినవారికే తెలియును. అట్టి కష్టమునే వినోదముగా మార్చిన యొక యాటనుగూర్చి యీ సంచికలో నాలుగు మాటలు వ్రాయ సంకల్పించితిమి. శనివారము సాయంకాలములందు మా గ్రంథాలయపు గదిలో నైదుగురు విద్యార్థులు మా చుట్టును గూర్చుండి, పాచికలు వేయుచు, కాగితములపై నేమేమో వ్రాసికొనుచుండుటను తల్లిదండ్రులలో కొందఱు చూచియే యున్నారు. "అది యేమి యాట? అందు పిల్లలు నేర్చునదేమి?" అని వారు మమ్మడిగిరి. ఒక తండ్రి మఱియు సూటిగా, "దాచుటయు, బొంకుటయు నేర్పుచున్నారా?" యనెను. ఆ ప్రశ్న న్యాయమైనది. కావున దానికి సావధానముగా బదులు చెప్పుట మా విధి.

దీనిని ఆంగ్లమున రోల్‌ప్లేయింగ్ గేమ్ అందురు. మనము పాత్రధారణపుటాట యనవచ్చును. ఇందు పావులను చంపి గెలుచుట లేదు. ఒక్కొక్క విద్యార్థి యొక పాత్రను ధరించి, "నేనిప్పు డిట్లు చేయుదును" అని చెప్పును. అది నెఱవేరునో లేదో సందేహమైనచోట పాచిక తీర్పు చెప్పును. తక్కిన లోకమంతయు, అనగా వీథులు, అంగళ్లు, పోలీసులు, పొరుగువారు, కథానిర్వాహకుని నోట పలుకుదురు. ఆ నిర్వాహకులము మేము. ఇట్టి యాటలలో మొదట అచ్చుపడి అమ్మకమునకు వచ్చినది 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనువారు ప్రకటించిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్'. అందలి లోకము కోటలు, కత్తులు, మాంత్రికులు గలది. అచ్చట మంత్రగాడు నడిసంతలో నిప్పు కురిపించినను జనులు భయపడుదురే గాని, "ఇట్టిది లోకమున కలదా?" యని విస్తుపోరు.

మా కథ యట్టిది కాదు. అది నేటి కాలమున, రాజమహేంద్రవరమున జరుగును. గోదావరి యడుగున జలవాసులను నొక జాతి కలదనియు, 1852లో ధవళేశ్వరమున ఆనకట్ట పూర్తియగుటకు మునుపటినుండియు వారచ్చట నున్నారనియు మా కల్పన. 1997లో రైళ్లు నిలిచిపోయిన పాత హేవ్‌లాక్ వంతెన స్తంభముల క్రింద వారి ద్వారము. మా యైదుగురాటకాండ్రును ఆ జాతికిని మనుష్యులకును నడుమ రాయబారులు. జలవాసులున్నారని ఊరికి తెలియరాదు. తెలిసినచో నొకవైపున భయము, ఒకవైపున ఆశ, వారిని బ్రతుకనీయవు. ఇదియే కథకు మూలనియమము.

మొదటి శనివారముననే ఒక బాలుడు, "మాస్టారూ, ఈ కాలమున ప్రతివాని చేతను కెమెరా గల ఫోను ఉన్నది. గుట్టు ఒక్క దినమైనను నిలుచునా?" అనెను. నేటి కాలమును రంగముగా గైకొన్న యాటలన్నియు నీ ప్రశ్న నెదుర్కొన్నవే. వాని సమాధానములు ముఖ్యముగా మూడు విధములు.

మొదటిది శాసనము. 1991లో మార్క్ రెయిన్-హేగెన్ రచించిన 'వాంపైర్: ది మాస్కరేడ్' అను నాటలో రక్తపిశాచులు మనుష్యులలో మనుష్యులై తిరుగుదురు. మాస్కరేడ్ అనగా ముసుగువేషము. తమ్ము తాము బయటపెట్టుకొనరాదనునది వారి శాసనములలో మొదటిది. మీఱినవానికి శిక్ష తప్పదు. పదునైదవ శతాబ్దపు వేటలో తమవా రెందఱో నశింపగా వారీ కట్టడి చేసికొనిరని యా కథ. 2018 నాటి యైదవ కూర్పులో వారు తమలో తాము నడపుకొనిన కంప్యూటరు సందేశములే వేగులవారికి దారి చూపినవట! ఆ గ్రంథము పెద్దలకొఱకు వ్రాయబడినది గాన మేము దానిని బాలుర చేతికీయక, అందలి యాలోచనను మాత్రము గ్రహించితిమి. మన విద్యార్థులకు పరిచితమైన హారీ పోటర్ కథలలోను మాంత్రికలోకము 1692 నాటి యొక గోప్యతాశాసనమునకు లోబడియే యున్నది.

రెండవది మఱపు. 1992 నాటి 'వేర్‌వుల్ఫ్: ది అపోకలిప్స్' అను నాటలో, తోడేలు రూపము దాల్చినవానిని చూచిన సామాన్యుడు భీతిల్లి, పిదప తాను చూచినదానిని మఱచును, లేదా కుక్కనో ఎలుగుబంటినో చూచితినని తనకు తానే నచ్చజెప్పుకొనును. మూడవది కాకతాళీయము. 1993 నాటి 'మేజ్: ది అసెన్షన్' అను నాటలో, విద్యను యాదృచ్ఛికముగా జరిగినట్లు ప్రయోగించిన లోకము సహించును. బాహాటముగా ప్రయోగించిన లోకమే యెదురుదెబ్బ కొట్టును. నమ్మని చూపరులు దగ్గఱనున్నచో నా దెబ్బ మఱింత గట్టిది. శత్రువుపై పిడుగు పడవేయుటకంటె అతని నెత్తిపై పాత విద్యుత్తీగ తెగిపడునట్లు చేయుట మేలన్నమాట.

ఈ మూడింటిలో మఱపు నిర్వాహకునకు మిక్కిలి సుకరము. ఐనను మేము దానిని స్వీకరింపలేదు. చూచినదెల్ల మఱచువారు మనుష్యులు గాక బొమ్మలగుదురు. బొమ్మల నడుమ గుట్టు దాచుటలో బుద్ధికి పనియు లేదు, మనస్సునకు బాధయు లేదు. మా యాటలో గుట్టును నిలుపునది జనుల సహజస్వభావమే. మూడవ యంతస్తు మెట్లపై తడి యడుగులు కనబడిన, "నీళ్ల ట్యాంకు పొంగినది" అని యింటివారే యనుకొందురు. పుష్కరఘట్టమున నొక యువకుడు జలవాసిని వీడియో తీసి లోకమునకు చూపెను. చూచినవారు వేలకొలది, "ఇది కంప్యూటరుతో చేసినది" అని నవ్వినవారు వారిలో ముప్పాతికమంది. నేడు లేని మొగములను, జరుగని సంగతులను యంత్రములే కల్పించి చూపుచున్నవి గదా! కెమెరాలు పెరిగినకొలది సాక్ష్యము పెరుగును గాని నమ్మిక పెరుగదని మా విద్యార్థులే గ్రహించిరి.

అట్లని రాయబారులు విచ్చలవిడిగా తిరుగుటకు వీలులేదు. బల్లపై నొక పలక యుండును. ఒక్కొక్క యజాగ్రత్తకు దానిపై నొక గీత గీయుదుము. ఒక వారము నెమ్మదిగా గడచిన నొక గీత చెఱుపుదుము. గీతలు పది యైనచో ఊరు నదివైపు కన్ను త్రిప్పును. పడవలు, వలలు, వార్తాపత్రికలవారు వంతెన క్రిందికి వత్తురు. మఱియొక నియమము కూడ కలదు. ఏదైనను చూచిన ప్రతి సాక్షికిని ఒక పేరు, ఒక వృత్తి, ఆ సంగతి చెప్పుకొనుటకొక యాత్మీయుడు ఉండితీరవలెను. ఈ రెండవ నియమమే మా యాటను మార్చినది.

ఇచ్చట మన భారతములోని విరాటపర్వమును దలచుకొనుట యుక్తము. తిక్కన తెనిగించిన యా కథకంటె గుట్టునుగూర్చిన గొప్ప పాఠము మన విద్యార్థులకు వేఱొకటి దొరకదు. పదుమూడవయేట గుర్తింపబడినచో పాండవులు మరల పండ్రెండేండ్లడవిపాలు. వారు తమ యాయుధములను పెట్టెలోపెట్టి తాళము వేయలేదు. శవము వలె కట్టి జమ్మిచెట్టుపై నుంచిరి. చూడవలెనని యెవ్వరికిని తోచని చోటే మంచి దాపరికము. ధర్మజుడు కంకుభట్టై, భీముడు వంటయింట వలలుడై, అర్జునుడు బృహన్నలయై దినములు గడపిరి. అంతలో కీచకుడు ద్రౌపదిని అవమానించెను. ఓర్చుకొన్నచో గుట్టు నిలుచును. ఓర్వకున్నచో నందఱికిని ముప్పు. భీముడు రాత్రివేళ వానిని చంపెను, గంధర్వులైన నా భర్తలే చంపిరని ద్రౌపది చెప్పెను, ఊరు నమ్మెను. కాని కీచకుడు లేడను వార్త దాగలేదు. దానిని విని కౌరవులు విరాటుని గోవులపైకి వచ్చిరి. చంపినవాని పేరును కప్పిపుచ్చవచ్చును గాని, జరిగినదాని ఫలమును కప్పిపుచ్చరాదు. ఆ పర్వమున మనస్సును పట్టునది దాగియుండుట కాదు, దాగియుండుట దుర్భరమైన యా రాత్రియే.

మా యాటలోను అట్టి రాత్రి వచ్చినది. పాతవంతెనవద్ద నొక రాత్రి కాపలాదారుడు, జలవాసుల బిడ్డనొకదానిని మన రాయబారులు ఎత్తుకొనిపోవుచుండగా కన్నులార చూచెను. చూచినది చూచినట్లు తన యధికారికి చెప్పెను. అప్పటికి పలకపై ఆఱు గీతలు. ఆటకాండ్రు తమలో తాము తర్కించుకొని, వాడు త్రాగి మాటలాడుచున్నాడని టీకొట్టువద్ద పుకారు పుట్టించిరి. పాచిక యనుకూలముగా పడెను. ఊరు నమ్మెను. గీతలు రెంటికి దిగెను. పిల్లలు సంతోషముతో చప్పట్లు చఱచిరి.

మఱుసటి శనివారము మేము కథను కొనసాగించుచు రెండు సంగతులు మాత్రము చెప్పితిమి. కాపలాదారుని పని పోయినది. అతని కూతురిని బడిలో "త్రాగుబోతు కూతురు" అని పిలుచుచున్నారు. అంతకుమించి మేమేమియు అనలేదు.

చాలసేపటివఱకు ఎవ్వరును పాచిక ముట్టలేదు. తుదకు తొమ్మిదవ తరగతి బాలిక యొకతె, "మాస్టారూ, అతడు చూచినది నిజమే కదా?" అని యడిగెను. నిజమే యంటిమి. "అయితే కల్లలాడినది మేమే" అనెను. ఒక బాలుడు, "ఒక్కని పేరు చెడినను ఒక జాతి బ్రతికినది కదా" యని వాదించెను. మఱియొకడు, నదిలోని పెద్దలయొద్ద మఱపు పుట్టించు పానీయ మేదైన నుండునేమో, దానిని కాపలాదారునకు త్రాగింపరాదా యనెను. అందుకా బాలిక, "అప్పుడు తన పని యేల పోయినదో అతనికే తెలియదు. ఉన్న నిజమును కూడ దోచుకొన్నవార మగుదుము" అనెను. హారీ పోటర్ కథలలో హెర్మయొనీ తలిదండ్రుల రక్షణకై వారి జ్ఞాపకములను మార్చివేసిన ఘట్టమును వారే యెత్తికొని, అది ప్రేమయా, అన్యాయమా యని గంటసేపు వాదించుకొనిరి. ఆ సాయంకాలము పాచికల యవసరమే కలుగలేదు.

చివరకు వారు నదిలోని పెద్దలకడకు పోయి, ఒక్క మనుష్యునకు నిజము చెప్పుటకు సెలవు వేడిరి. "అతడు బయటపెట్టిన పూచీ యెవరు?" అని పెద్ద యడుగగా, నైదుగురును తమ కిచ్చిన నదీప్రవేశపు హక్కును పణముగా పెట్టిరి. పిమ్మట కాపలాదారుని యింటికి వెళ్లి యంతయు చెప్పిరి. అతని తరపున మేమొక్క ప్రశ్న యడిగితిమి: "ఈ సంగతి నా కూతురితో చెప్పవచ్చునా?" చెప్పరాదనిరి. "అట్లయిన నాకు చెప్పిన నామె కేమి మేలు?" అంటిమి. వారు మరల ఆలోచనలో పడిరి. మఱునాడు కథలో వారు కాపలాదారుని యధికారియొద్దకు పోయి, అతడు త్రాగలేదనియు, పుకారు పుట్టించినవారము తామేయనియు ఒప్పుకొనిరి. ఎందు కట్లు చేసిరో చెప్పలేదు. కాపలాదారునకు పని తిరిగి దొరకెను. రాయబారులకు ఊరిలో చెడ్డపేరు మిగిలెను. గీతలు రెంటినుండి ఏడింటికి పోయెను.

దాచువానికిని వెల యుండవలెనని మా నమ్మకము. 'డెల్టా గ్రీన్' అను నాట యందు, లోకమునకు తెలియరాని ఘోరములను రహస్యముగా నెదుర్కొను ప్రభుత్వోద్యోగులే పాత్రలు. దాని 2016 నాటి గ్రంథములో ప్రతి పాత్రకును భార్యతో, బిడ్డతో, మిత్రునితో గల బంధములు అంకెలుగా వ్రాయబడియుండును. ఘోరమును చూచి మనస్సు చెదరినప్పుడు ఆ భారమును కొంత బంధముపైకి నెట్టి తాను తేఱుకొనవచ్చును. కాని యా బంధపు అంకె తగ్గిపోవును. లోకమును కాపాడినవాడు తన యింటిలో పరాయివా డగును. రహస్యము ఊరకే దాగదనుటకు ఇంతకంటె చక్కని లెక్క మేమెఱుగము.

ఇప్పుడా తండ్రి ప్రశ్నకు బదులు చెప్పెదము. ఒకరు నమ్మి చెప్పిన మర్మమును కాపాడుట వేఱు. దానిని కాపాడుటకు నిర్దోషి పేరును చెఱచుట వేఱు. రెండును నోరుమూసికొనుటగానే కనబడును గనుక చిన్నవారికి భేదము త్వరగా తెలియదు. మేము బోధించినచో వారు తలయూపి యూరకుందురు. కాపలాదారుని కూతురిని తలచుకొని తామే తెలిసికొనిరి.

విద్యార్థులారా, మీతో నొక మాట. ఆటలోని గుట్టు మన బల్లచుట్టు నున్నవారందఱికిని తెలిసినదే. మన గది తలుపు తీసియే యుండును. కాని పెద్దవా డెవడైనను మీతో, "ఇది మీ యమ్మానాన్నలకు చెప్పవద్దు" అని మీకు భయమో సిగ్గో కలిగించుదానిని దాచుమనినచో, అది మర్మము కాదు, ఉచ్చు. దానిని ఆనాడే యింట చెప్పుడు; ఇంట చెప్పలేకున్నచో మీరు నమ్మిన యుపాధ్యాయునితో చెప్పుడు. చెప్పినందుకు మిమ్ము నిందింపము.

తల్లిదండ్రులలో నెవరైనను శనివారము వచ్చి మాతో గూర్చుండ గోరినచో ఒక కుర్చీ యెప్పుడును ఖాళీగానే యున్నది. ఊరివారి పాత్రల కెప్పుడును కొదువయే. ఆ టీకొట్టు యజమానికి ఇంతవఱకు గొంతు నిచ్చినవారు లేరు.