డబ్బాలోని చిట్టా

2000 మే 2న అమెరికా ప్రభుత్వం, పౌరులకు అందే జీపీఎస్ సంకేతాలలో కావాలని చేర్చిన లోపాన్ని తొలగించింది. మరునాడే ఒరెగాన్ రాష్ట్రంలోని బీవర్‌క్రీక్ సమీపాన డేవ్ ఉల్మర్ ఒక బకెట్టు దాచి, దాని అక్షాంశ రేఖాంశాలను ప్రకటించాడు. జియోకేషింగ్ అలా మొదలైంది. ఆ రాష్ట్రంలోనే నివసిస్తున్న మేము సెలవునాడు పిల్లలతో కలిసి ఇటువంటి డబ్బాలు వెతుకుతాము. అందులోని వస్తువు తీసుకుంటే అంతటి విలువైనదే ఉంచాలి. చిట్టాలో పేరు వ్రాసి, దొరికినచోటనే తిరిగి దాచాలి. చూసేవారెవరూ లేకున్నా మా చిన్నవాడు గోళీకి గోళీ లెక్క తప్పడు.

హిజాబ్‌తో పొదలలో వంగి వెతుకుతుంటే కొందరు అనుమానంగా చూస్తారు. ఒకనాడు అలా చూస్తూ నిలబడిన వృద్ధుడే దగ్గరకు వచ్చి, తానూ ఆ డబ్బాకోసమే వచ్చానన్నాడు. అమ్మాయికి అది వేరుసందున దొరికింది. చిట్టాలో ఆయన పేరు క్రింద మా పేర్లు పూర్తిగా వ్రాశాము.