పెద్దమ్మ చీటీ

అనకాపల్లి పేరు చెబితే బయటివాళ్లకు బెల్లం గుర్తొచ్చి నోరూరుతుంది. మా వీధిలో మాత్రం ఏడాదికి రెండే కాలాలు: దిమ్మలు దిగే కాలం, దిగని కాలం. సంక్రాంతికి ముందే గానుగలు మొదలయ్యేవి. ఎండలు ముదిరేదాకా మార్కెట్టు ముందు బళ్లు బారులు తీరేవి. దిమ్మల్ని భుజాన వేసుకుని కాటా దగ్గరికీ, అక్కణ్నుంచి లారీ మీదికీ చేరవేసే కళాసీల్లో మా నాన్న ఒకడు. సాయంత్రం ఇంటికొచ్చేసరికి చొక్కా భుజం బెల్లం జిడ్డుతో అట్ట కట్టి ఉండేది. దండెం మీద వేస్తే తెల్లారేసరికి చీమలు బారు కడతాయని అమ్మ దాన్ని నేరుగా బకెట్లో పడేసేది. సీజను అయిపోయాక ఆ చొక్కాకు ఏ బాధా ఉండేది కాదు, బాధంతా మాకే.

మాది రెల్లి కులస్తుల వీధి. ఇళ్లలో ముసలివాళ్లు ఒడియాకు దగ్గరగా ఉండే మా సొంత భాష మాట్లాడేవారు. వీధి మలుపు తిరిగితే అందరిదీ తెలుగే. ఆడవాళ్లది పళ్ల వ్యాపారం: వేసవిలో మామిడి, వానలు వెనకబట్టాక నర్సీపట్నం వైపు నుంచి దిగే సీతాఫలాలు, మధ్యలో జామ. మగవాళ్లలో కొందరు నాన్నలా మార్కెట్టుకు, కొందరు రిక్షాకు, కొందరు మున్సిపాల్టీ పారిశుధ్యం పనికి. మా మావయ్య మున్సిపాల్టీలోనే. ఊరు మా చేతి పళ్లు తినేది గానీ మా చేతి నీళ్లు తాగేది కాదు. అప్పటికి నాకది వింతగా కూడా అనిపించేది కాదు.

1991లో నేను ఐదో తరగతి. ఆ జూలైలో దేశం దగ్గర డాలర్లు అడుగంటి, రిజర్వు బ్యాంకు 47 టన్నుల బంగారాన్ని తాకట్టు పెట్టింది. టీ కొట్టు దగ్గర ఎవరో పేపరు పైకి చదువుతుంటే విని, పరుగున వచ్చి అమ్మకు చెప్పాను. అమ్మ ముక్కుపుడక అప్పటికి మూడు వారాలుగా సేటు దగ్గరుంది. “మనదీ అక్కడికే ఎల్నాదేటి?” అంది, పొయ్యి ఊదుకుంటూ.

ఆ నెలలోనే రూపాయి విలువ రెండు దఫాలుగా తగ్గించారు. బడ్జెట్టులో ఎరువుల ధర ఒక్కసారిగా 40 శాతం పెంచి, గొడవయ్యాక 30కి దించారు. ఆగస్టుకల్లా ధరల పెరుగుదల 16 శాతం దాటింది. ఈ అంకెలన్నీ నేను తర్వాత కాలేజీలో చదువుకున్నవి. వీధిలో వాటికి వేరే ఆనవాళ్లుండేవి. చెరకు తోటల్లో మట్టి ఎగదోయడానికి కూలీకి పిలిచే రైతు, ఈసారి ఇంట్లోవాళ్లతోనే కానిచ్చేశాడు. పళ్ల గంప దగ్గర ఆగి డజను అడిగే చేతులు మూడు కాయలతో సరిపెట్టుకున్నాయి. దిమ్మలు దిగని కాలం ఎలాగూ ఉన్నదే, దాని మీద ఇది.

గంపకు పెట్టుబడి కావాలంటే పొద్దున్నే వడ్డీవాడు రావాలి. తొంభై చేతిలో పెట్టి, సాయంత్రానికి వంద పట్టుకుపోయేవాడు. పళ్లు అమ్ముడైనా, ఎండకు మెత్తబడినా వాడి వంద వాడిదే. బ్యాంకులున్నాయి. మెయిన్ రోడ్డు మీద బోర్డులతో మెరుస్తూ ఉండేవి. వాటి మెట్లెక్కిన మనిషి మా వీధిలో ఒక్కరూ లేరు.

ఉన్నదల్లా చీటీల పెద్దమ్మ. ఆమె మాకు రక్తసంబంధం కాదు, వీధందరికీ పెద్దమ్మే. ఇరవై మంది, నెలకు యాభై, కట్ట వెయ్యి. నెలనెలా రావిచెట్టు కింద పాట. ఎవరు ఎక్కువ వదులుకోవడానికి సిద్ధపడితే వాళ్లకు చీటీ, వదులుకున్నది అందరికీ సమానంగా పంపకం. మామూలు రోజుల్లో వంద దగ్గర పాట తెగేది. పెద్దమ్మకు చదువు రాదు. లెక్క రాసే పని నాది. నా నాలుగో తరగతి లెక్కల నోటుబుక్కు వెనక పేజీల్లో ఒక్కొక్కరికీ ఒక గీత, కట్టినవాళ్లకు చుక్క. నేను చుక్క మరిచిపోయినా ఆమె మరిచేది కాదు. ఆమె కొంగు కొసకు ఎన్ని ముళ్లుంటే అన్ని బాకీలు.

ఆ శ్రావణంలో పాట మొదలవగానే ఒక రిక్షా బాబాయి నాలుగు వందలు వదులుకుంటానన్నాడు. పిల్లకు జ్వరం దిగడం లేదు. వెయ్యి కట్టాల్సినవాడు ఆరు వందలు పట్టుకెళ్తాడు. అందరికీ తలా ఇరవై వస్తుంది. అందరూ లోలోపల సంతోషపడి ఉంటారు. నేను మాత్రం ఆ ఇరవైతో మా ఇంట్లో ఏం కొనొచ్చో లెక్కేసేశాను. పెద్దమ్మ పాట ఆపేసింది.

“ఆకలెక్కువున్నోడికి తక్కువొచ్చీ పాటేటిరా ఇది? ఇంక పాట నేదు.”

ఆ రాత్రి చాలాసేపు వాదులాట జరిగింది. చివరికి తేలిందేమిటంటే, మంచిరోజులు వచ్చేదాకా పాట లేకుండా చీటీ; ఎవరికి ముందో కూర్చుని మాట్లాడుకోవాలి; నెల జీతం ఉన్నవాళ్లు అందరికన్నా వెనక ఎత్తాలి. నెల జీతమంటే మున్సిపాల్టీవాళ్లే. కాలవల్లో దిగేవాళ్లు, చెత్తబళ్లు తోసేవాళ్లు. వాళ్ల పని పేరు ఊళ్లో తిట్టుగా వాడేవారు. ఆ ఏడు వీధిలో ఆగకుండా వచ్చిన డబ్బు ఆ పనిదే. ఆ ఐదారుగురి యాభైలు మొదటి వారంలోనే పడేవి. వాటిని చూసే మిగతావాళ్లు చీటీని నమ్మారు. ధరలు అలా పెరుగుతుంటే ఆఖర్న చేతికొచ్చే వెయ్యికి వెయ్యి విలువ ఉండదు. వెనక ఎత్తడమంటే నష్టానికి ఒప్పుకోవడమే. మావయ్యను అమ్మ అడిగింది, ఎందుకొప్పుకున్నావని. “రేపు నా గుంటడికి పిల్లనివ్వాల్సినోల్లు ఈల్లే గదే” అన్నాడు. త్యాగం అనే మాట ఆ వీధిలో ఎవరి నోటా నేను వినలేదు.

బియ్యం సంగతి కూడా చెప్పాలి. వండబోయే ముందు ప్రతి ఇల్లాలూ ఒక గుప్పెడు తీసి విడిగా కుండలో వేసేది. ఇది చర్చి నేర్పిన అలవాటు. మా ఊరి దేవత నూకాలమ్మకు మొక్కే ఇళ్లవాళ్లూ వేసేవారు. వారానికోసారి ఆ బియ్యం పొయ్యి వెలగని ఇంటికి పోయేది. మా ఇంటికీ ఒకసారి వచ్చింది. రకరకాల బియ్యం కలిసిపోయి ఉండటంతో సగం పలుకు, సగం జావ అయింది అన్నం.

చాలా ఏళ్ల తర్వాత మ్యాగీ లీనా వాకర్ గురించి చదివాను. అమెరికాలో వర్జీనియా రాష్ట్రం రిచ్మండ్‌లో పుట్టింది. తల్లి బానిసగా బతికి, ఆనక ఊరివాళ్ల బట్టలుతికి పిల్లల్ని పెంచింది. తెల్లవాళ్ల బ్యాంకులు నల్లవాళ్లను గడప తొక్కనివ్వని రోజుల్లో, 1903లో వాకర్ తమ సంఘం తరఫున సెయింట్ ల్యూక్ పెన్నీ సేవింగ్స్ బ్యాంకు పెట్టింది. చాకలి పని చేసే ఆడవాళ్లు కూడా చిల్లర నాణేలు అందులో దాచుకునేవారు. 1929 తర్వాతి మహామాంద్యంలో ఊళ్లోని మిగతా నల్లవాళ్ల బ్యాంకులతో దాన్ని కలిపి నిలబెట్టింది. అదే మాంద్యంలో షికాగోలో మరో నల్లవాడు జెస్సీ బింగా పెట్టిన బ్యాంకు 1930లోనే మూతబడింది. మదుపుదారులందరికీ ఒక్కసారే పనులు పోతే ఏ పెట్టె అయినా ఎన్నాళ్లు నిండుగా ఉంటుంది? పెద్దమ్మకు ఈ కథ తెలియదు గానీ ఈ ప్రశ్న తెలుసు. అందుకే చీటీలో అందర్నీ ఒకే పనివాళ్లను చేర్చుకునేది కాదు. కళాసీలు ఏడుగురికి మించకూడదని ఆమె లెక్క.

అందుకే వేదికల మీద ఎవరైనా స్వయంసహాయం, స్వావలంబన అని ఊగిపోతే నాకు చిరాకు. మా వీధి తన కాళ్ల మీద తాను నిలబడిందంటే, ఆ కాళ్లలో ఒకటి సర్కారు జీతం. తర్వాత మున్సిపాల్టీల్లో పర్మినెంటు నియామకాలు ఆగిపోయాయి, పారిశుధ్యం కాంట్రాక్టుకు పోయింది. మావయ్య ఉద్యోగం పోయాక ఆయన కొడుక్కి దొరికింది కాంట్రాక్టు పనే. 2013లో అనకాపల్లి విశాఖ కార్పొరేషన్‌లో కలిసింది, 2022లో జిల్లా కేంద్రం అయింది. బోర్డులు మారాయి. పొదుపు సంఘాలొచ్చాక మా ఆడవాళ్లు బ్యాంకు మెట్లు ఎక్కారు, అది చిన్న మార్పేమీ కాదు. కానీ వాయిదా తారీఖుకు కాంట్రాక్టు జీతం రాకపోతే సంఘంలో మిగతావాళ్లు ఆ వాయిదా పంచుకుని కట్టాలి. 2020 లాక్‌డౌన్‌లో వీధంతా ఇంట్లో కూర్చుంటే పనికి వెళ్లింది మళ్లీ ఆ చీపుళ్లవాళ్లే.

మళ్లీ 1991 సంగతికొస్తే, ఆ పాట లేని చీటీలో ఒకడు ఎగ్గొట్టాడు. ముందు వరసలో వెయ్యి ఎత్తుకుని, నాలుగు నెలలు కట్టి, విశాఖ హార్బరు పనికని వెళ్లి మళ్లీ కనబడలేదు. పెద్దమ్మ ఆ సంగతి ఎవరికీ చెప్పకుండా తన సీతాఫలాల డబ్బులోంచి వాడి యాభై వేస్తూ వచ్చింది. నోటుబుక్కులో వాడి గీతకు చుక్క పెట్టమంటే నేను పెట్టాను. చాలా నెలల తర్వాత వాడి తల్లి చనిపోతే శవాన్ని మోయడానికి వచ్చాడు. దినం అయ్యేదాకా పెద్దమ్మ ఒక్క మాట అనలేదు. పదకొండో రోజు భోజనాలయ్యాక, చెయ్యి కడుక్కుంటున్నవాడి దగ్గరికెళ్లి, నోటుబుక్కు తెమ్మని నన్ను కేకేసింది.