మా పిన్ని అడిగిన మాట



నేను ముప్పది యేండ్లు పల్లెటూరి బడిలో భూగోళము చెప్పినవాడను. పటము కనబడినయెడల నా వ్రేలు ఊరకుండదు. ఆ వ్రేలి వలన నాకు కలిగిన సిగ్గును గూర్చి యిప్పుడు వ్రాయుచున్నాను.

2014వ సంవత్సరము మార్చి 8వ తేదీని, అర్ధరాత్రి దాటిన పిమ్మట, కౌలాలంపూరు నుండి బీజింగునకు బయలుదేరిన మలేషియా విమానమొకటి కనబడకుండ పోయెను. అందులో 239 మంది యుండిరి. వారిలో అయిదుగురు మన దేశస్థులు. రాత్రి 1 గంట 19 నిమిషములకు విమానమునుండి సెలవు పుచ్చుకొను మాట వినబడెను. మరి రెండు నిమిషములకు రాడారు తెరమీద దాని గుర్తు ఆరిపోయెను. అంతే.

ఆ దినములలో మా కోనసీమ పల్లెలోకూడ వేరు మాట లేదు. ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత మేము కొందరము టీ కొట్టు అరుగుమీద కూర్చుండువారము. ఒకడు దొంగలు ఎత్తుకొనిపోయిరనెను. ఒకడు పైలటే ముంచెననెను. మరియొకడు లోపల బాంబు పేలియుండుననెను. ఇన్ని మాటల మధ్య భూగోళము తెలిసిన నేను ఏల ఊరకుందును? పుల్ల తీసికొని ఇసుకలో హిందూ మహాసముద్రమును గీచి, దాని నడుమ చుక్క పెట్టితిని. "ఇది డీగో గార్షియా. అమెరికా సైన్యముండే దీవి. విమానాన్ని ఇక్కడ దింపి దాచారు. జనమంతా బ్రతికే ఉన్నారు" అని రూఢిగా చెప్పితిని.

ఈ సంగతి నాకెట్లు తెలిసినది? టెలివిజనులో ఎవరో అనగా వింటిని. రెండవసారి చెప్పునప్పటికి అది నా మాటయే ఆయెను. మూడవసారికి దానికి సాక్ష్యములుకూడ చేకూరెను.

మా పిన్ని కొట్టు ప్రక్కన పాలగిన్నెతో నిలిచియున్నదని నేను చూడలేదు.

ఆమె సంగతి చెప్పవలెను. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి వచ్చిన తుపాను మా గోదావరి తీరమువారు మరచునది కాదు. వెయ్యిమందికి పైగా పోయిరి. అందులో వేటకు వెళ్లిన మర పడవలమీది వారు అనేకులు. మా చిన్నాన్న అట్టి పడవలో నుండెను. పడవయు రాలేదు, పలకయు రాలేదు. శవము దొరికిన ఇండ్లలో ఏడ్చిరి, పాతిపెట్టిరి, కొంతకాలమునకు మరల వలలు అల్లుకొనిరి. దొరకని ఇండ్లలో ఏమి చేయవలెనో ఎవరికిని తెలియలేదు. ఎవడో వచ్చి పారాదీపు రేవులో మీ ఆయనను చూచితిననెను. సోదె చెప్పునది దీవిలో ఉన్నాడనెను. ఇంకొకడు బంగ్లాదేశపు చెరసాలలో మన తీరమువారున్నారని చెప్పి, దారి ఖర్చులు పుచ్చుకొని మరల కనబడలేదు. పిన్ని మెడలోని గొలుసు అమ్మి పారాదీపు వెళ్లి, పండ్రెండు దినములు రేవులో ముఖములు చూచుచు తిరిగి, ఒట్టి చేతులతో వచ్చెను.

ఆ పిన్ని పాలగిన్నె క్రింద పెట్టి నా బొమ్మను చూచెను.

"ఒరే నాయనా, నువ్వు చూశావా?"

"చూడలేదు పిన్నీ. అనుకుంటున్నారు."

"అనుకోడానికి ఏం ఖర్చు? నా గొలుసు అలాంటి అనుకోడానికే పోయింది. ఆ పిల్లల తల్లులు నీ మాట వింటే రేపు గుమ్మంలో కూర్చుంటారు."

ఇట్లనెనే గాని కోపపడలేదు. కాలితో నా సముద్రమును చెరిపివేయనుకూడ లేదు. పాలగిన్నె తీసికొని వెళ్లిపోయెను. అక్కడున్నవారిలో ఒకడు నవ్వెను. నాకు నవ్వు రాలేదు.

ఆ దినము మొదలుకొని నేను ఆ విమానమును గూర్చి ఊహలు చెప్పుట మానితిని గాని, తెలిసికొనుట మానలేదు. తెలిసికొనిన కొలది నా సిగ్గు పెరిగెను. ఇద్దరు ఇరాను యువకులు దొంగిలించిన పాస్‌పోర్టులతో ఎక్కిరని తెలియగానే లోకమంతయు వారిని హంతకులనెను. విచారింపగా వారు ఐరోపాలో బ్రతుకు వెదకికొనబోవు బీదవారు. అందులో చిన్నవానికి పందొమ్మిదేండ్లు. తల్లి జర్మనీలో వానికొరకు కనిపెట్టుకొనియుండెను. కనబడినచోట వెదకవలెనని దక్షిణ చైనా సముద్రములో వారము దినములు వెదకిరి. విమానమేమో ఆ రాత్రియే వెనుకకు తిరిగి, మలేషియా మీదుగా పడమటికి పోయెనని సైన్యపు రాడారు చూపెను. మన నావికాదళపు ఓడలుకూడ అండమాను సముద్రములో వెదకెను. ఏప్రిలులో నీటి అడుగున పెట్టె పిలుపు వినబడినదని గొప్ప సంతోషము కలిగెను. అది ఆ పెట్టెది కాదని తరువాత తేలెను.

నిజమైన జాడ దొరికినది మరియొక విధముగా. ఆ విమానములోని యంత్రము ఆకాశములోని ఉపగ్రహముతో గంట గంటకు ఒక చిన్న సంకేతము మార్చుకొనుచుండెను. మాటలు లేవు, స్థలము పేరు లేదు; పేరు పిలిచినప్పుడు బడిపిల్లవాడు "ప్రెజెంటు సార్" అన్నట్లు. కడపటిది ఉదయము 8 గంటల 19 నిమిషములకు. ఆ సంకేతము వచ్చుటకు పట్టిన కాలమును, దాని పౌనఃపున్యములోని స్వల్పభేదమును లెక్క కట్టి, అది దక్షిణ హిందూ మహాసముద్రములో పడియుండునని ఇంజనీర్లు చెప్పిరి. ఎవడును చూడలేదు గాని, లెక్క చేసి చూపిరి. నా పుల్లకును వారి లెక్కకును గల భేదమదియే.

2015 జూలై 29న రీయూనియన్ దీవి ఒడ్డున రెక్క ముక్క దొరికెను. పిన్నికి ఆ సంగతి చెప్పినది నేనే. ఆమె చేప శుభ్రము చేయుచు, "ముక్క దొరకడం మంచిదేనా, చెడ్డదా, నాయనా?" అని అడిగెను. నేనేమియు చెప్పలేకపోతిని. ఆమె జవాబు కొరకు కనిపెట్టనూ లేదు.

2017 జనవరి వరకు 1,20,000 చదరపు కిలోమీటర్ల సముద్రపు అడుగు వెదకిరి. అది తెలంగాణ రాష్ట్రముకంటె కొంచెము పెద్దది. 2018లో మరి ఇంచుమించు అంతయే వెదకిరి. అక్కడను దొరకలేదు. ఆ యేటి జూలైలో మలేషియా విచారణవారు, విమానమును వెనుకకు త్రిప్పినది చేతితోనే యని వ్రాసిరి గాని, ఎవరి చెయ్యి, ఎందుకు అనునది చెప్పలేకపోయిరి. "మాకు తెలియలేదు" అని అచ్చు వేయించుట సామాన్యపు పని కాదు. మా అరుగుమీద ఆ మాట నేనెన్నడును వినలేదు. 2025 మార్చిలో, దొరికిననే సొమ్ము అను షరతుతో ఒక కంపెనీ మరల వెదకుటకు మలేషియా ప్రభుత్వము ఒప్పుకొనెను.

ఇంతలో మనకు దగ్గరది మరియొకటి జరిగెను. 2016 జూలై 22న మద్రాసు తాంబరము నుండి పోర్ట్ బ్లెయిరుకు వెళ్లుచున్న మన వాయుసేన విమానము 29 మందితో బంగాళాఖాతముమీద కనబడకుండ పోయెను. వారిలో ఎనిమిదిమంది విశాఖపట్నము నౌకాదళ ఆయుధాగారపు ఉద్యోగులు. ఈసారి అరుగుమీద నన్ను చూచి, "మాస్టారూ, ఏమంటారు?" అని అడిగిరి. నాకు తెలియదంటిని. మా మాట అక్కడనే తెగిపోయెను. టీ త్రాగి లేచితిమి.

ఏడున్నర యేండ్ల తరువాత, 2024 జనవరిలో, మనుష్యులు లేని యంత్రమొకటి మద్రాసు తీరమునకు 310 కిలోమీటర్ల దూరమున, సముద్రపు అడుగున దాని శకలములను ఫొటో తీసెను. ఆ సాయంకాలము పిన్ని యింటికి వెళ్లి చెప్పితిని. ఆమెకు కండ్లు సరిగా కనబడుట లేదు.

"ఎంత లోతున?"

"మూడువేల నాలుగువందల మీటర్లు పిన్నీ. నూటడెబ్బై కొబ్బరిచెట్లు ఒకదాని మీద ఒకటి నిలబెడితే అంత."

ఆమె కొంతసేపు ఊరకుండెను.

"మా వాళ్లు అంత లోతుకు పోరు" అనెను. "వాళ్లది గట్టు దగ్గరి వేటే." తరువాత నన్ను భోజనము చేసి వెళ్లుమనెను.