బేస్‌మెంటులో నారుమడి

న్యూజెర్సీలో కొడుకింట్లో ఉన్నన్నాళ్ళూ ఊరికే కూర్చోకుండా ఏదైనా రాసి పంపమన్నారు సంపాదకులు. మార్చిలో ఓ శనివారం, ఇంట్లో నారు పెంచడం నేర్పుతున్నారంటే కోడలితో కలిసి పబ్లిక్ లైబ్రరీకి వెళ్ళాను. హీట్ మ్యాటు, గ్రో లైటు, ట్రేలు... జాబితా సాగుతుండగా పక్క కుర్చీలోంచి తెలుగు వినబడింది.

"ఇన్ని డాలర్లు తగలేసి నారు పోస్తే వంకాయ బంగారం ధర పడుద్ది."

గుంటూరు వైపు ఆవిడ. ఆ పూట మిగతాదంతా వాళ్ళింటి బేస్‌మెంటులోనే గడిచింది.

ఆ చేతుల్నే చూస్తూ కూర్చున్నాను. దినపత్రికని పట్టీలుగా చించి, నీళ్ళ సీసాకి చుట్టి, అడుగు మడతల్ని బొటనవేలితో నొక్కి, సీసా లాగేస్తే గిన్నె తయారు. కబుర్లాడుతూ, అటు చూడనైనా చూడకుండా! కొన్నది మట్టి సంచి ఒక్కటే. గిన్నెల్ని స్ట్రాబెర్రీ డబ్బాల్లో సర్దింది. వాటికి చిల్లులు ముందే ఉంటాయి. మిరప మొలిచేదాకా వాటర్ హీటర్ పక్కన వెచ్చగా ఉంచుతుంది. మొలిచిన రోజే మామూలు ట్యూబ్‌లైటు కిందికి మారుస్తుంది. లైటుని గొలుసుతో ఆకులకి మూడు నాలుగంగుళాల పైన వేలాడదీసింది.

"దూరమైతే కాడ సాగి పడిపోద్ది అన్నయ్యగారూ."

నీళ్ళు పళ్ళెంలోనే పోస్తుంది, అడుగునుంచి పీల్చుకుంటాయి. పైన తడి నిలిస్తే నారుకుళ్ళు. రోజూ అరచేత్తో నారు తలలు నిమురుతుంది. ఆ కదలికకి కాడలు గట్టిపడతాయి. బీరకి తొందర లేదు, ఏప్రిల్లో పెడితే చాలు. ఎలాగూ మే నెల మదర్స్ డే దాకా మంచు భయం పోదు.

ఇన్ని తెలిసినావిడకీ గోంగూర గింజలే కరువు. పగళ్ళు కురచబడితే గానీ గోంగూర పూయదు. ఆ కాయ ముదిరేలోపే ఇక్కడ మంచు కొట్టేస్తుంది. ఊళ్ళో వదినగార్ని అడిగితే, "మనమెక్కడ దాస్తున్నాం, కొట్లో ప్యాకెట్టే" అందట.

నాకు ఒళ్ళు మండింది. దూలానికి ఎండు బీరకాయ వేలాడని ఇల్లు ఉండేదా మన ఊళ్ళలో? హైబ్రిడ్ గింజ దాచినా తల్లిలా రాదు, అందుకని దాచడమే మానేశాం. దాంతోపాటే, విత్తనానికి పాదున ఏ కాయ వదలాలో ఎంచే చూపూ పోయింది.

లైబ్రరీలో పాత కార్డుల బీరువా సొరుగుల్లో విత్తనాలు పెట్టి ఊరికే ఇస్తున్నారు. పంటొచ్చాక కాసిని తెచ్చిస్తే సంతోషం. ఈవిడ నిరుడు దోసగింజలు ఇచ్చింది. మన గ్రామ గ్రంథాలయాల్లో అలాంటి సొరుగొకటి పెట్టడానికి ఏ బడ్జెట్టు కావాలి?