మందు బీరువాలో... బిడ్డ గ్రౌండ్‌లో!

మీ ఇంట్లో ఉబ్బసం ఉన్న పిల్లలున్నారా? లేకపోయినా ఇది చదవండి. మీ పిల్లల పక్క బెంచీలో ఒకరైనా ఉండవచ్చు.

మా వాడు ఏడో తరగతి. చలికాలం వచ్చిందంటే చాలు, రాత్రిళ్లు పిల్లికూతలు, ఆయాసం. డాక్టరుగారు రెండు ఇన్‌హేలర్లు రాశారు. ఒకటి ఆయాసం రాకుండా రోజూ ఇంట్లో వాడేది. రెండోది నీలం రంగుది, సాల్బుటమాల్. ఆయాసం వచ్చినప్పుడు బిగుసుకున్న శ్వాసనాళాలను కొద్ది నిమిషాల్లో వదులు చేసేది. "ఇది ఎప్పుడూ వాడి దగ్గరే ఉండాలమ్మా" అన్నారాయన. అలాగేనని తలూపి వచ్చాను.

కాని స్కూల్లో పిల్లల దగ్గర మందులు ఉండకూడదని రూలు. ఆఫీసులో అప్పగించాలి. వాళ్ల భయమూ అర్థం లేనిదేం కాదు. ఒకరి మందు ఇంకొకరు ఆటకి పీలిస్తే ఎవరిది పూచీ? నేనూ మారుమాట్లాడకుండా ఇచ్చేశాను. నిజం చెప్పొద్దూ, లోపల్లోపల నాకూ హాయిగానే అనిపించింది. నలుగురి ముందూ వాడు అది నోట్లో పెట్టుకోవడం నాకే నామోషీ. పెళ్లిళ్లకు వెళ్లినా "ఎవరూ చూడకుండా పక్కగదిలో పీల్చుకో నాన్నా" అనేదాన్ని.

మొన్న డిసెంబరులో ఒకరోజు పొద్దున్నే పి.టి. పీరియడు. చలిగాలిలో, దుమ్ములో పరుగెత్తాడు. దగ్గు మొదలై, మాట పెగలకుండా అయిపోయింది. స్నేహితుడు ఆఫీసుకు పరుగెత్తాడు. మందు బీరువాలో భద్రంగా ఉంది. తాళంచెవి గుమాస్తాగారి జేబులో ఉంది. గుమాస్తాగారు బ్యాంకులో ఉన్నారు!

ఫోను రాగానే ఇంట్లో ఉన్న రెండో ఇన్‌హేలర్ పట్టుకుని ఆటో ఎక్కాను. వెళ్లేసరికి 20 నిమిషాలు. వాడు మెట్ల మీద ముందుకు వంగి కూర్చుని, భుజాలెగరేస్తూ గాలి కోసం కొట్టుకుంటున్నాడు. అక్కడే మందు పట్టించి, అటునుంచటే ఆసుపత్రికి తీసుకెళ్లాం. నెబ్యులైజర్ పెట్టాక గాని తేరుకోలేదు.

ఆ రాత్రి వాడు మెల్లగా అన్నాడు. "అమ్మా, ప్రేయర్ అప్పుడే ఛాతీ పట్టేసినట్టనిపించింది. ఆఫీసుకెళ్లి అడగాలంటే సిగ్గేసింది. ఎవరూ చూడకూడదని నువ్వే అంటావుగా!"

స్కూలు వేసిన తాళం ఒకటైతే, నేను వేసింది ఇంకోటి.

మర్నాడు డాక్టరుగారి దగ్గర ఉత్తరం రాయించుకుని నేనూ మావారూ హెడ్‌మిస్ట్రెస్‌గారిని కలిశాం. ఏ మందు, ఎప్పుడు, ఎన్నిసార్లు వాడాలో అంతా అందులో ఉంది. ఆవిడ చదివి, మా వాణ్ణి పిలిచి "ఏదీ, ఎలా వాడతావో చూపించు" అన్నారు. వాడు కుదపకుండానే నొక్కేశాడు, మందు సగం బయటికే పోయింది. నా తల తిరిగిపోయింది. ఇన్నేళ్లలో పక్కన కూర్చుని నేనొక్కసారైనా చూస్తేగా!

వారం రోజులు ఇంట్లో నేర్పించాను. మూత తీసి బాగా కుదపాలి. ఊపిరి పూర్తిగా వదిలి, పెదవులు బిగించి, నెమ్మదిగా లోపలికి పీలుస్తూ నొక్కాలి. పది లెక్కపెట్టేదాకా ఊపిరి బిగబట్టాలి. మరోసారి పీల్చాలంటే అరనిమిషమైనా ఆగాలి. ఇలా కుదరని పిల్లలకు స్పేసర్ అనే గొట్టం తగిలిస్తే సులువు. తర్వాత హెడ్‌మిస్ట్రెస్‌గారు ఒప్పుకున్నారు. ఇన్‌హేలర్ మీద పేరు రాయాలి, వాడిన వెంటనే టీచరుకు చెప్పాలి, ఇంకెవరికీ ఇవ్వకూడదు. ఇంకొకటి ఆఫీసులో ఉంటుంది, కాని తాళం లేని అరలో.

ఇదేమీ కొత్త ముచ్చట కాదు. అమెరికాలో ఇందుకోసం 2004లోనే చట్టం చేశారు. ఇప్పుడక్కడ 50 రాష్ట్రాల్లోనూ పిల్లలు తమ ఇన్‌హేలర్ తామే ఉంచుకోవచ్చు. బ్రిటన్‌లో 2014 నుంచి స్కూళ్లు అత్యవసరానికి సాల్బుటమాల్ ఇన్‌హేలర్ కొని పెట్టుకోవచ్చు. మన దగ్గర కూడా టైప్-1 మధుమేహం ఉన్న పిల్లలు చక్కెర బిళ్లలు, పండ్లు పరీక్ష హాల్లోకి తీసుకెళ్లవచ్చని సి.బి.ఎస్.ఇ. 2017లో అనుమతించింది.

"అలవాటైపోతుందేమో" అని మా అత్తగారిలా మీరూ భయపడుతున్నారా? ఇది వ్యసనమయ్యే మందు కాదు. మామూలుగా ఒకసారి నొక్కితే వచ్చేది 100 మైక్రోగ్రాములు. అదే మందు 2 మిల్లీగ్రాముల మాత్రగా మింగితే ఇరవై రెట్లు ఒంట్లోకి పోతుంది. అయితే ఒకటి గుర్తుంచుకోండి. నీలం ఇన్‌హేలర్ అవసరం తరచూ పడుతోందంటే జబ్బు అదుపులో లేదన్నమాట, డాక్టరుకు చూపించాలి. పీల్చినా తెరిపి ఇవ్వకపోతే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి.

ఇప్పుడు ఆదివారం సాయంత్రం యూనిఫారం ఇస్త్రీ చేసేటప్పుడు ఇన్‌హేలర్ కూడా చూస్తాను. గడువు తేదీ దాటిందా, లోపల మందుందా అని. వాడి పాంటు జేబుకు జారిపోకుండా బొత్తాం కుట్టాను. మొన్న మా ఆడపడుచు ఇంట్లో శుభకార్యంలో వాడు అందరి మధ్యే జేబులోంచి తీసి పీల్చుకున్నాడు. ఒకావిడ "అయ్యో, ఇంత చిన్నవాడికా!" అంది.

"అవునండీ, వాడే వాడుకుంటాడు" అన్నాను.

మీ పిల్లవాడి మందు ఈ క్షణంలో ఎక్కడుందో, తాళంచెవి ఎవరి దగ్గరుందో మీకు తెలుసా? రేపే స్కూలుకెళ్లి అడగండి.